ఎలిమెంటరీకి నలుగురు తక్కువ

తాండూరు చుట్టుపక్కల క్యాంపు నడపడంలో జంగప్పను మించినవాడు లేడు. క్యాంపు అంటే కంటి ఆపరేషన్లది కాదు. ఎన్నికలైపోయి, కుర్చీ ఎవరిదో తేలకముందు, గెలిచిన మెంబర్లను అవతలివాడు ఎత్తుకుపోకుండా బండెక్కించి, ఏ అడవిలోకో గుట్టమీదికో తీసుకుపోయి, తినబెట్టి, తాగబెట్టి, చేతులెత్తి ఓటేసే పొద్దుకు ఒక్కడు కూడా తగ్గకుండా తెచ్చి అప్పగించే విద్య. ఈ విద్యకు కాలేజీలు లేవు. ఉంటే జంగప్ప ఏనాడో ప్రిన్సిపాల్ అయ్యేవాడు. లేవు గనుక నాపరాళ్ల పాలిష్ యూనిట్లో లారీలకు బండలెత్తే కూలీలను కుదిర్చే మేస్త్రిగా ఉండిపోయి, రోజూ సాయంత్రం కనుబొమ్మల మీద తెల్ల దుమ్ముతో ఇల్లు చేరేవాడు.

ఆయన ఎక్కించినవాళ్లు చాలామంది కుర్చీలెక్కారు. దిగి మళ్లీ పలకరించినవాళ్లు తక్కువ. యాలాల వైపు వెంకటయ్య పటేలు మండలం కుర్చీలో కూర్చున్నాడంటే అది జంగప్ప నడిపిన క్యాంపు పుణ్యమే. ఆ కుర్చీ వీపుకు తెల్లటి టర్కీ టవల్ కప్పి ఉండేది. పనిబడి పోయినప్పుడల్లా జంగప్పను బయట బల్లమీద కూర్చోమనేవారు. లోపలికి పిలిచినా నిలబెట్టే మాట్లాడి పంపేవారు. టవల్ కప్పిన కుర్చీకి ఒక గుణం ఉంది. దాంట్లో కూర్చున్నవాడికి ఎదుటివాడి మొహం కనిపిస్తుంది గాని కాళ్లు కనిపించవు. ఆ కాళ్లు నొప్పి పుడుతున్నాయేమోనన్న ఆలోచన ఇక ఎక్కణ్ణుంచి వస్తుంది?

అందుకని జంగప్పకు లోకంలో ఒకటే కోరిక మిగిలింది. తన ఇంట్లోంచి ఒక్కరైనా అట్లాంటి కుర్చీలో కూర్చోవాలి, ఎదుట నలుగురు నిలబడాలి. ఆ ఒక్కరు కూతురు మహేశ్వరి. డిగ్రీ అయింది, బీఎడ్ అయింది, ఇప్పుడు రోజూ తాండూరులో రైలెక్కి వికారాబాదులో దిగి ఎమ్మెడ్ చదువుతోంది. ఎమ్మెడ్ తర్వాత టవలేనని జంగప్ప లెక్క.

ఒకనాటి సాయంత్రం అన్నం దగ్గర మహేశ్వరి ఆ లెక్కను చెడగొట్టింది.

"నాయినా, రెండో ఏడాదికి స్పెషలైజేషన్ ఎంచుకోవాలె. నేను ఎలిమెంటరీ తీసుకుంటున్న."

"అంటే ఏంది బిడ్డా?"

"చిన్నపిల్లల సదువు. ఒకటో తరగతి, రెండో తరగతి, గట్ల."

జంగప్ప చేతిలోని జొన్నరొట్టె ముక్క కందిపప్పులో మునిగి అక్కడే ఆగిపోయింది.

"ఒకటో తరగతా? అ ఆలు దిద్దిచ్చుడా?"

"ఆ. అదే."

"డిగ్రీ అయిపాయె, బీఎడ్ అయిపాయె. సదివినకొద్ది పైకి పోతరా, కిందికి దిగుతరా? గిట్లనే ఇంకో రెండేండ్లు సదివితే అంగన్‌వాడీల జేరుతవు. ఇంకా సదివితే ఉయ్యాలలనే పండుకుంటవు."

పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తున్న ఎంకమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆమె ఎవరి వైపు నవ్విందో తేలలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె ఆ సంగతి ఎన్నడూ తేలనీయలేదు.

"మరి ఇంకోటి ఏముంది?" అన్నాడు జంగప్ప.

"సెకండరీ. దాంట్ల అడ్మినిస్ట్రేషన్ ఉంటది. బళ్లు నడిపించుడు, తనిఖీలు, హెడ్మాస్టర్లు ఎట్ల పనిచేస్తున్నరో చూసుడు."

"హెడ్మాస్టర్ల మీదికి పోవుడా?"

"ఆ, గట్లనే అనుకో."

జంగప్ప కళ్ల ముందు ఒక కుర్చీ, దాని మీద టవల్, ఆ టవల్‌కు ఆనుకొని తన కూతురు, ఆమె ముందు చేతులు కట్టుకొని వరసగా నిలబడ్డ హెడ్మాస్టర్లు కనిపించారు. అందులో ఒకరిద్దరు ఏడుస్తున్నారు కూడా.

"గదే తీస్కో. మాట్లాడకు."

"నాకొద్దు నాయినా. ఒకటో తరగతిల కూసున్న పోరడు మూడో తరగతికి వచ్చెటాళ్లకు యాడ మాయమైతడో ఎవ్వరు అడుగుతలేరు. నేను గది సదవాలె. సరే, నువ్వు చెప్పు. బడి ఎందుకు ఇడిసినవ్?"

"నాదేం తప్పు లేదు. సారొచ్చిననాడు నేను పోలే. నేను పోయిననాడు సారు రాలే. ఇద్దరం ఒక్కపారి కలిసినం. గప్పుడు కొట్టిండు."

"చూసినవా? నీ మీదనే ఒక పరిశోధన చెయ్యొచ్చు."

"చెయ్యి. అడ్మినిస్ట్రేషన్ల కూసోని చెయ్యి. ఆ సారు బతికుంటె పిలిపిచ్చి నిలబెట్టు."

మహేశ్వరి నిట్టూర్చి నీళ్లు తాగింది. "నువ్వు కొట్లాడెటంత లేదు గాని, ఎలిమెంటరీ నడుస్తదో నడవదో గదే నా ఫికర్. పదిమంది ఉంటెనే క్లాసు పెడతరట. ఆరుగురమే తేలినం. పదిమంది కాకుంటె మమ్మల్ని గూడ తీస్కపోయి అడ్మినిస్ట్రేషన్ల కలుపుతరు."

పదిమంది. ఆరుగురు. కలుపుతరు. జంగప్ప చెవులు అక్కడే ఆగిపోయాయి. ఆ తర్వాత ఆమె ఇంకా చాలా చెప్పింది. ఆప్షన్ ఎట్లా ఇవ్వాలో, ఎప్పటిలోగా ఇవ్వాలో, ఇవ్వనివాళ్లను కాలేజీ ఏం చేస్తుందో అన్నీ చెప్పింది. ఆయన వినలేదు. మెజారిటీ అన్నది వినబడ్డాక జంగప్పకు మిగతా లోకం వినిపించదు.

"మిగతా పోరగాండ్లు ఏమంటున్నరు బిడ్డా?" అన్నాడు చాలా మెత్తగా.

"అంత అడ్మినిస్ట్రేషనే అంటున్నరు. నలుగురు మాత్రం గోడమీది పిల్లులోలె ఉన్నరు. డేవిడ్, మహేందర్, కుమారస్వామి, ఇగ యాలాల ప్రణయ్. వాళ్ల నలుగురినీ ఎట్లనన్న ఒప్పిస్తే నా క్లాసు నడుస్తది."

నాయన తన చదువు గురించి ఇంత ఓపికగా అడగడం మహేశ్వరికి సంతోషమైంది. పాపం, సంతోషించి నలుగురి పేర్లూ, వాళ్లు ఏ హోటల్లో చాయ్ తాగుతారో కూడా చెప్పింది.

మర్నాడే జంగప్ప పనికి ఎగనామం పెట్టి వికారాబాదు రైలెక్కాడు. కాలేజీ ఎదుటి చాయ్ హోటల్లో నలుగురూ దొరికారు. డేవిడ్ రెండింట్లో దేంట్లో రికార్డులు తక్కువ రాయాల్సి వస్తుందో తేలక ఆగి ఉన్నాడు. మహేందర్ డేవిడ్ ఎటుంటే అటు. కళ్లద్దాలవాడు కుమారస్వామి రెండు సిలబస్సులూ చదివి రెండింటికీ భయపడ్డవాడు. ప్రణయ్ వెంకటయ్య పటేలు కొడుకు. తండ్రి ఊళ్లో సొంత బడి పెడతానంటే, దాని బోర్డు మీద పేరు పక్కన రాసుకోవడానికి ఎమ్మెడ్ చేస్తున్నవాడు.

"నేను మహేశ్వరి నాయినను" అని చెప్పుకొని జంగప్ప నలుగురికీ చాయ్ చెప్పాడు. "ఎల్లుండి అనంతగిరి మీద దావత్ పెడుతున్న. బగారన్నం, మటన్. మీ నలుగురికే."

"ఎందుకు కాకా?" అన్నాడు కుమారస్వామి.

"దావత్‌కు ఎందుకు అని అడిగెటోడు సదువుకున్నోడే అయి ఉంటడు" అన్నాడు జంగప్ప. డేవిడ్, మహేందర్ అప్పటికే ఎన్నింటికి రమ్మంటారని అడుగుతున్నారు. కూతురి క్లాసు నిలబెట్టడానికి తండ్రి పడుతున్న పాట్లనుకొని నలుగురూ లోపల నవ్వుకున్నారు. మటన్ తిని ఎలిమెంటరీ అంటే పోయేదేముంది!

అనుకున్న రోజున భీమప్ప జీపు వచ్చింది. భీమప్ప సరిహద్దు అవతలి ఊరివాడు. జంగప్ప నడిపిన ప్రతి క్యాంపుకూ బండి అతనిదే. నలుగురినీ ఎక్కించుకొని, అనంతగిరి మలుపులు ఎక్కి, చెట్ల నడుమ ఎవరిదో మామిడి తోటలోని రేకుల షెడ్డు దగ్గర ఆపాడు. దిగంగానే జంగప్ప ఒక గోనెసంచి తెరిచి పట్టుకున్నాడు.

"ఫోన్లు ఏయుండ్రి."

"ఎందుకు కాకా?"

"క్యాంపు రూలు. మీ నాయిన గూడ ఏసిండు, అడుగు" అన్నాడు ప్రణయ్‌తో.

ప్రణయ్ నవ్వాడు. "అవును, మా నాయిన చెప్తుంటడు. ఆ క్యాంపుల తిన్న మటన్ రుచి ఇప్పటికీ నాలిక మీదనే ఉందంట."

"మటన్ యాదికున్నది, వండిపెట్టినోడు యాదికి లేడు" అన్నాడు జంగప్ప, సంచి ఇంకాస్త ముందుకు జరిపి.

నాలుగు ఫోన్లూ సంచిలో పడ్డాయి. సంచి జీపులో పడింది. జీపులో సంచి పడితే ఏం చేయాలో భీమప్పకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఫోన్లు ఉన్నచోట మనుషులు ఉండకూడదన్నది జంగప్ప పెట్టిన నియమమే. "ఆయ్తు జంగప్పా, పొద్దుగూకంగ బర్తీని" అని తిరిగి వచ్చే వేళ కన్నడం, తెలుగు కలిపి చెప్పి భీమప్ప గుట్ట దిగిపోయాడు.

బగారన్నం వడ్డించాక, మొదటి ముద్ద నోట్లో పెట్టబోతుంటే జంగప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగుండ్రి. అన్నం మీద ఒట్టేయాలె. నలుగురు అడ్మినిస్ట్రేషన్లనే పడతం అనుండ్రి."

నలుగురి చేతులూ గాలిలో ఆగాయి.

"మహేశ్వరి ఎలిమెంటరీ అంటున్నది గద కాకా?" అన్నాడు డేవిడ్.

"అందుకే."

"అంటే నువ్వు నీ బిడ్డకు ఎదురా?"

"నా బిడ్డకు ఎదురు కాదు, నా బిడ్డ మొండితనానికి ఎదురు. మీరు నలుగురు అటు పడితే దాని క్లాసు ఎత్తేస్తరు. అది అడ్మినిస్ట్రేషన్ల పడతది. ఆఫీసరైతది. మీకు మటన్, నాకు కుర్చీ. తినుండ్రి ఇగ."

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎటైనా ఒకటే అనుకొని వచ్చినవాళ్లకు ఒట్టు వేయడం కష్టం కాదు. అన్నం మీద చేయి పెట్టారు, ఒట్టేశారు, తిన్నారు. జంగప్ప వండినది అట్లాంటిట్లాంటి మటన్ కాదు. రెండోసారి వడ్డించేసరికి మహేందర్ కళ్లు మూతలు పడ్డాయి. మూడోసారికి డేవిడ్ చాపమీద వాలి, జంగప్ప క్యాంపులన్నిటిలోనూ విని ఎరుగని గురక తీశాడు.

కుమారస్వామి ఒక్కడే చెయ్యి కడుక్కొని వచ్చి నిలబడ్డాడు.

"కాకా, ఫోన్ ఇప్పియ్యుండ్రి. ఆప్షన్ పెట్టాలె."

"రేపు పెట్టొచ్చు. పొద్దుగాల నేనే మిమ్మల్ని కాలేజీ లోపలి దాక తోలుకపోత. నా ముంగట చేతులెత్తుండ్రి."

"చేతులెత్తుడు ఏంది కాకా? ఆప్షన్ ఫోన్లనే పెట్టాలె. లింకు పంపిండ్రు. ఇయ్యాల సాయంత్రం అయిదింటికి బందైతది."

జంగప్ప పగలబడి నవ్వాడు. కడుపు పట్టుకొని నవ్వాడు. క్యాంపులో మెంబర్లు చెప్పే అబద్ధాలు ఆయన ఎన్ని వినలేదు! బర్రె ఈనుతుందన్నవాడున్నాడు. బతికున్న మామను చంపినవాడున్నాడు. పొయ్యిమీద పాలు పెట్టి మరిచి వచ్చానన్నవాడున్నాడు, వాడి ఇంట్లో పాడి లేదు. ఇంతమందిలో ఈ అద్దాలవాడు చెప్పినంత కొత్త అబద్ధం మాత్రం ఎవరూ చెప్పలేదు.

"ఓటు ఫోన్ల ఏసుడా! శెబాష్. నువ్వు మంచి లీడర్ వైతవు. కూసో."

"అమ్మతోడు కాకా!"

"మామను సంపినోడు గూడ అమ్మతోడే అన్నడు."

"ప్రణయ్, నువ్వన్న చెప్పురా!"

ప్రణయ్ పళ్లు కుట్టుకుంటూ "నిజమే కాకా" అన్నాడు. వాడు వెంకటయ్య పటేలు కొడుకు గనుక జంగప్ప అసలే నమ్మలేదు.

ఎండ చెట్ల అవతలికి జారుతుండగా జంగప్ప బొత్తాల ఫోను మోగింది. మహేశ్వరి.

"నాయినా, డేవిడోళ్లు నలుగురు కనబడ్తలేరు. ఫోన్లు ఎత్తుతలేరు. హోటలాయన నీ పేరు చెప్తున్నడు. నీ దగ్గరనే ఉన్నరా?"

"ఏ డేవిడ్? నాకు డేవిడ్ ఎవరెరుక?"

సరిగ్గా అప్పుడే డేవిడ్ గురక పై స్థాయికి చేరింది. కుమారస్వామి దూరం నుంచే గొంతు చించుకున్నాడు. "మహేశ్వరీ! మా ఫోన్లు జీపుల పోయినయ్! అయిదైతే లింకు బందైతది! మీ నాయినకు జర చెప్పు!"

 

"నాయినా, జీపు యాడుంది?"

దొరికిపోయాక దాచేదేముంది! "వికారాబాదు పోయింది. పొద్దుగూకంగ వస్తది. మాపటికి ఈడనే పండుకుంటం. పొద్దుగాల కాలేజీకి తోలుకొస్త. నువ్వు తిట్టినా సరే, కొట్టినా సరే, నేను నీ మంచికే చేసిన."



"అందరు బువ్వ తిన్నరా?"

"మస్తుగ తిన్నరు."

"సరే నాయినా. మంచిగ చూస్కో వాళ్లను. ఇయ్యాల నిన్నొక్క మాట గూడ అనను."

ఫోను పెట్టేసింది. జంగప్ప ఛాతీ ఉబ్బింది. ఎంతటి మొండిదైనా తన రక్తమే గదా, ఓడినప్పుడు ఓడానని తెలుసుకునే బుద్ధి ఉంది అనుకున్నాడు. కుమారస్వామి షెడ్డు గుంజకు ఆనుకొని ఆకాశం కేసి చూస్తూ కూలబడ్డాడు. ఓటమిని అంత చక్కగా ఒప్పుకున్న మెంబరును కూడా జంగప్ప అంతకుముందు చూడలేదు. వాడికి ఇంకో మటన్ బొక్క వేశాడు.

పొద్దుగూకింది. జీపు వచ్చింది. భీమప్ప దిగి, రాత్రి వంటకు తెచ్చిన కోళ్లను ఒక చేత్తో, గోనెసంచిని ఒక చేత్తో పట్టుకొని నిలబడ్డాడు. కోళ్లు ఊరుకున్నాయి గాని సంచి ఊరుకోలేదు. గుర్రుగుర్రుమని ఒకటే అరుపు.

"దారి పొడుగూతా గిదే లొల్లి జంగప్పా" అన్నాడు భీమప్ప.

కుమారస్వామి సంచిమీద పడ్డాడు. ఫోను తీసి చూసుకొని అద్దాలు తీసేశాడు. తుడుచుకొని మళ్లీ పెట్టుకొని చూశాడు.

"అయిపోయింది."

"ఏమైంది?"

"ఆప్షన్ పెట్టనోళ్లను, యాడ తక్కువుంటె ఆడ కలిపిండ్రు. మొత్తం క్లాసుల పెట్టంది మేం నలుగురమే. ఎలిమెంటరీకి నలుగురు తక్కువుండె."

జంగప్ప మెదడులో అంకెలు కదిలాయి. ఆరు. నాలుగు. ఆయన జీవితంలో లెక్క తప్పింది లేదు, ఇప్పుడు కూడా తప్పలేదు. పదే వచ్చింది.

"అన్నం మీద ఒట్టేసిండ్రు గదరా!"

"ఒట్టు అట్లనే ఉంది కాకా, ఓటే లేదు" అన్నాడు ప్రణయ్. "నేను మా నాయినకు ఏమని చెప్పాలె? జంగప్ప క్యాంపు పెట్టిండు, ఒకటో తరగతిల పడ్డ అని చెప్పనా?"

లొల్లికి లేచిన డేవిడ్ సంగతి విని ఆవులించాడు. "ఎలిమెంటరీల రికార్డులు తక్కువేనంట. పోనీయుండ్రి." మహేందర్ కూడా పోనీయమన్నాడు. జంగప్ప మాత్రం గోనెసంచి కేసే చూస్తున్నాడు. ఇంతకాలం మెంబర్లను కాపాడిన సంచి!

ఇంటికి వచ్చాక ఆయన అడిగింది ఒకటే మాట. "నీకు ఫోన్ల మాట్లాడినప్పుడే సమజైందా?"

"అయింది" అంది మహేశ్వరి.

"మరి చెప్పకపోతివి?"

"నేను అన్నం దగ్గర చెప్పిన నాయినా, నువ్వు ఇనలే. ఇగ ఫోన్ల మళ్లెందుకు చెప్పాలె? అవతలి క్యాంపు తప్పు చేస్తుంటె నడుమ మాట్లాడొద్దని నువ్వే గద చెప్తవు."

పొయ్యి దగ్గర ఎంకమ్మ మళ్లీ నవ్వింది. ఈసారి ఎవరి వైపో స్పష్టంగానే తేలింది.

వారం గడిచాక కాలేజీ నుంచి కబురొచ్చింది. ఎలిమెంటరీ చెప్పే కృపారాణి మేడం జంగప్పను రమ్మంటున్నారు. పిల్లల ఫోన్లు గుంజుకున్నందుకు కేసేమోనని ఉతికిన చొక్కా వేసుకొని, రైల్లో రెండు మూడు అబద్ధాలు తయారుచేసుకొని పోయాడు.

కేసు కాదు. మేడం గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. క్లాసు ఎత్తేస్తే ఆమె ఇంకో ఊరు చూసుకోవాల్సి వచ్చేదట. కూతురి చదువు కోసం ఇంత శ్రమపడి నలుగురిని కూడగట్టిన తండ్రిని ఆమె ఎక్కడా చూడలేదట. మహేశ్వరి ఆమెకు ఏం చెప్పిందో, ఏం చెప్పలేదో! కూతురి మొహం చూస్తే మాత్రం చాలా అమాయకంగా ఉంది.

"కూర్చోండి జంగప్ప గారూ" అన్నారు మేడం.

అది చిన్నపిల్లలకు పాఠం చెప్పడం నేర్పే గది. కుర్చీలన్నీ ఒకటో తరగతి పిల్లలవే. ఎర్రవి, పసుపువి, జానెడెత్తువి. జంగప్ప గుండెమీద చెయ్యేసుకొని ఒక పసుపు కుర్చీలోకి దిగాడు. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. మేడం శాలువా కప్పారు. ఆయన వీపు, కుర్చీ వీపు రెండూ దాంట్లో మునిగిపోయాయి. చుట్టూ మేడం, మహేశ్వరి, డేవిడ్, మహేందర్, ప్రణయ్, ఇంకా మొహం ముడుచుకొనే ఉన్న కుమారస్వామి, అందరూ నిలబడ్డారు. ఆయన ఒక్కడే కూర్చున్నాడు.

జానెడెత్తు నుంచి చూస్తే అందరి కాళ్లూ బాగా కనిపిస్తున్నాయి. మేడం చెప్పులు బాగా అరిగి ఉన్నాయి.

"రెండు మాటలు మాట్లాడండి" అన్నారు ఆమె.

ఇన్నేళ్లలో జంగప్ప మైకులు కట్టించాడు, జనాన్ని తెచ్చాడు, చప్పట్లు కొట్టించాడు. మాట్లాడమన్నవాడు లేడు.   మాట్లాడేవాడు నిలబడాలి గదా అని లేవబోయాడు. కుర్చీ కూడా ఆయనతోపాటు లేచింది. డేవిడ్ ఒక రెక్క, కుమారస్వామి ఒక రెక్క పట్టి లాగితే, ప్రణయ్ వెనక నుంచి కుర్చీ ఊడబెరికాడు.

"మీ నాయిన మటన్ తిన్నందుకు ఈపాటి సేవ చేసినవ్, చాలు" అన్నాడు జంగప్ప చొక్కా సర్దుకుంటూ.

గుమ్మం దాకా సాగనంపుతూ మేడం కాస్త మొహమాటంగా అన్నారు. "వచ్చే ఏడాది కూడా మాకు ఇదే బాధ ఉంటుందండీ. ఇప్పట్నుంచే భయంగా ఉంది."

జంగప్ప ఆగాడు. శాలువా తీసి మడిచి చంకలో పెట్టుకున్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఎంతమంది తక్కువైతరు మేడం?"